బడి ఎత్తేశాక పంతులమ్మ ఎక్కడికి పోవాలి?

(పర్ణశాలలో ఏజెన్సీ ప్రాంత మహిళా టీచర్లు, విద్యా వాలంటీర్లు, మహిళా సంఘాల కార్యకర్తలు కలుసుకున్న సందర్భంలో చేసిన ప్రసంగ పాఠం)



గిరిజన భాషల్లో చదువు అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ఈ విషయం మీద జరిగే సభల్లో మామూలుగా రెండు మాటలు వినబడతాయి. ఒకటి భాష గురించి: అది చచ్చిపోతోంది, కాపాడుకోవాలి అని. రెండోది పిల్లల గురించి: అర్థంకాని భాషలో చదవలేక బడి మానేస్తున్నారు అని. రెండూ నిజమే. అయితే ఆ భాషలో ఆ పిల్లలకి పాఠం చెప్పిన మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. ఆమె ఎవరు, ఆమెకి ఏమిచ్చారు, పథకం అయిపోయాక ఆమె ఏమైంది అని అడగరు. ఈరోజు నేను ఆ మనిషి గురించే మాట్లాడదామనుకుంటున్నాను. ఎందుకంటే ఆమె మీరే.

పొద్దున మీ మాటల్లో పదేపదే ఒక వాక్యం వచ్చింది. “బడి తెరిచారుగానీ మమ్మల్ని పిలవలేదు” అని. తీసేశాం అని ఎవరూ చెప్పలేదు. కాయితం ఇవ్వలేదు. పిలవలేదు, అంతే. ఇలా పిలవకపోవడం అన్నది ఉద్యోగంలోంచి తీసెయ్యడంలో ఒక పద్ధతి. దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు మనకి చాలా దూరంగా జరిగిన ఒక సంగతి చెప్తాను.

జపాన్‌లో కూలిన గొలుసు బడి

జపాన్‌లో ‘నోవా’ అని ఇంగ్లీషు సంభాషణ నేర్పే సంస్థ ఉండేది. 1981లో ఒసాకాలో మొదలై దేశమంతా వందల శాఖలు పెట్టింది. ఆ దేశంలో ఇలాంటి బడుల్లో అదే అన్నిటికన్నా పెద్దది. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, కెనడాల నుంచి వేలమంది యువతీ యువకులను టీచర్లుగా తెచ్చుకుంది. వాళ్ళ అర్హత ప్రధానంగా ఒక్కటే, ఇంగ్లీషు వాళ్ళ తల్లిభాష కావడం. దానికి నెలకు సుమారు 2 లక్షల 50 వేల యెన్‌ల జీతం, వీసా, ఉండటానికి కంపెనీ కుదిర్చిన ఇల్లు ఇచ్చేవారు. ఇంటి అద్దె జీతంలోంచి కోసుకునేవారు.

విద్యార్థుల దగ్గర ఏళ్ళ తరబడి చెప్పాల్సిన పాఠాలకి ముందే డబ్బు కట్టించుకోవడం ఈ సంస్థ వ్యాపార సూత్రం. ఆ డబ్బుతో కొత్త శాఖలు తెరవడం, ఆ శాఖల్లో మళ్ళీ ముందే డబ్బు వసూలు చేయడం. మధ్యలో మానుకున్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చే పద్ధతి చట్టవిరుద్ధమని 2007 ఏప్రిల్‌లో జపాన్ సుప్రీంకోర్టు చెప్పింది. జూన్‌లో ప్రభుత్వం కొత్తగా దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకోకుండా ఆరు నెలలు ఆపింది. ముందు వచ్చే డబ్బు ఆగేసరికి గొలుసు తెగింది. జీతాలు ఆలస్యమయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. 2007 అక్టోబరు 26న కంపెనీ కోర్టు రక్షణ కోరింది. వేలమంది టీచర్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు.

వాళ్ళ జీతంలోంచి అద్దె కోసుకున్న కంపెనీ దాన్ని ఇళ్ళ యజమానులకి కట్టలేదని అప్పుడు బయటపడింది. ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసులు వచ్చాయి. జీతం లేదు, ఇల్లు లేదు, ఊరికి పోదామంటే టికెట్టుకి డబ్బుల్లేవు. తిండి పెడితే ఇంగ్లీషు పాఠం చెప్తామని టీచర్లు ముందుకొచ్చారు. యూనియన్లే ఆ ఏర్పాటు చేశాయి. ఉద్యోగుల పరస్పర సహాయ నిధిలోంచి 32 కోట్ల యెన్‌లు మళ్ళించినందుకు సంస్థ అధిపతికి 2009లో శిక్ష పడింది.

అయితే ఆ టీచర్లకి ఒక ఆధారం ఉంది. కంపెనీ దివాలా తీస్తే, బకాయిపడ్డ జీతంలో ఒక పరిమితికి లోబడి 80 శాతం ప్రభుత్వమే ముందు చెల్లించి తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకునే చట్టం జపాన్‌లో 1976లోనే వచ్చింది. విదేశీయులు కాబట్టి వర్తించదు అనలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మన ఏజెన్సీ గొలుసు

ఇక మన సంగతి. ఈ దుమ్ముగూడెం ప్రాంతంలో కోయ భాషని కాగితం మీద పెట్టే ప్రయత్నం పందొమ్మిదో శతాబ్దంలోనే జరిగింది. గోదావరి మీద కాలువ పనులకి వచ్చిన ఇంజనీరు హేగ్ ఇక్కడ క్రైస్తవ మిషన్‌కి పునాది వేస్తే, జాన్ కెయిన్ అనే మిషనరీ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి కోయవారి గురించీ వాళ్ళ భాష గురించీ రాశాడు. వాళ్ళ అవసరం మతం. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాల అవసరాలు వేరు. కోయ భాష ఎప్పుడూ ఎవరో ఒకరి పథకంలో భాగంగానే బడిలోకి వచ్చింది, ఆ పథకంతోపాటే బయటికి పోయింది.

1980లలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు గిరిజన విద్యా వికాస కేంద్రాలని గూడేల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు పెట్టాయి. స్థానికంగా చదువుకున్నవాళ్ళనే టీచర్లుగా తీసుకోవడం అందులో మంచి సంగతి. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహుభాషా విద్య అనే కార్యక్రమం మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో భాషకి 30 చొప్పున 240 బడులు తీసుకున్నారు. తెలుగు లిపిలో వాచకాలు తయారుచేశారు. మొదట తల్లిభాషలో చదివించి క్రమంగా తెలుగులోకి తీసుకుపోవడం పద్ధతి. వాచకాలు రాయడంలో ఆ తెగల టీచర్లే కూర్చున్నారు.

అది మంచి పని. ఎందుకు మంచిదో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదుగానీ బయటినుంచి వచ్చినవాళ్ళ కోసం చిన్న ఉదాహరణ చెప్తాను. కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. కోయలో లోను అంటే ఇల్లు. తెలుగులో లోను అంటే లోపల. దాహంతో ‘ఏరు’ అన్న పిల్లను వాగుకి పోతానంటోంది అనుకుని కూర్చోబెట్టే బడిలో ఆ పిల్ల ఎన్నాళ్ళుంటుంది? రెండు భాషల్లోనూ ఉన్న మాట రెండు అర్థాలిస్తున్నప్పుడు మధ్యన నిలబడి రెండిటినీ విడదీసి చెప్పగల మనిషి కావాలి. ఆ మనిషి వాలంటీరు.

నోవా బడుల్లాగా ఇవి ఒక్క రోజున కూలిపోలేదు. ముద్రించిన వాచకాలు అయిపోయాక మళ్ళీ రాలేదు. కోయ వచ్చిన టీచరు బదిలీ మీద పోతే రాని టీచరు వచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఖమ్మం జిల్లాలో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. ఈ దుమ్ముగూడెం తెలంగాణలో ఉండిపోయింది. ఉత్తరానికి పోతే ఛత్తీస్‌గఢ్. ఒకే భాష మాట్లాడే గూడేలు మూడు రాష్ట్రాలు, మూడు విద్యాశాఖలు, మూడు రకాల పుస్తకాల కింద పడ్డాయి. 2011 జనాభా లెక్కల్లో కోయ మా మాతృభాష అని చెప్పినవాళ్ళు 4 లక్షల 7 వేల మంది. అంతమందికి ఒక బడి వ్యవస్థ లేదుగానీ రాష్ట్రాల సరిహద్దులున్నాయి.

దానితోపాటే ఇంగ్లీషు మీడియం వచ్చింది. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులదాకా ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఇంగ్లీషు కావాలని కోయ తల్లులే అడుగుతున్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు, పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకున్న మాలాంటి వాళ్ళకి లేదు. ఇంగ్లీషు పేరుతో ఇంటిభాష వచ్చిన టీచరుని తీసెయ్యడాన్నే నేను తప్పుపడుతున్నాను. కోయ తప్ప వేరే భాష ఎరగని ఆరేళ్ళ పిల్లకి ఇంగ్లీషు నేర్పాలన్నా ముందు ఆమె మాట అర్థమయ్యే మనిషి ఉండాలి కదా.

2020 మార్చిలో కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సుమారు 12 వేల మంది విద్యా వాలంటీర్లు అప్పటికి నెలకు 12 వేల రూపాయల గౌరవ వేతనం మీద పనిచేస్తున్నారు. తర్వాతి విద్యా సంవత్సరంలో వాళ్ళని తిరిగి తీసుకోలేదు. ఏడాదికేడాది రెన్యువల్ మీద నడిచే పని కాబట్టి తీసెయ్యనక్కర్లేదు, రెన్యువల్ చెయ్యకపోతే చాలు. 2021లో ప్రైవేటు బడుల టీచర్లకి నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆకలి తీరడానికి అది అక్కరకొచ్చిందిగానీ, టీచరు బతుకు ఏ స్థాయికి దిగిందో కూడా అదే చెప్పింది. జపాన్‌లో అన్నం కోసం పాఠం చెప్పిన టీచర్లకీ, ఇక్కడ బియ్యం సంచీ కోసం లైన్లో నిలబడ్డ టీచర్లకీ తేడా ఎంత?

తల్లిభాష, తల్లిపని

నోవా టీచరుకీ కోయ వాలంటీరుకీ అర్హత ఒకటే, ఒక భాషలో పుట్టి పెరగడం. ఇంగ్లీషులో పుట్టినవాళ్ళకి అది నైపుణ్యమైంది, దానికి జీతమూ వీసా కూడా వచ్చాయి. కోయలో పుట్టిన ఆడపిల్లకి అది నైపుణ్యం కాలేదు. నీకు వచ్చిందేగా చెప్పమంటున్నాం అన్నారు. భాష విలువ ఆ భాష మాట్లాడేవాళ్ళ అధికారాన్ని బట్టి నిర్ణయమవుతుందని మా సామాజికశాస్త్రం చెప్తుంది. అయితే దానికి తోడు ఇంకొకటి కూడా ఉందని స్త్రీవాదులుగా మనం చెప్పాలి.

మాతృభాష అన్న మాటలోనే మాత ఉంది. వంట చెయ్యడం, పిల్లల్ని పెంచడం, రోగుల్ని చూడటం ఎలాగైతే ఆడవాళ్ళకి సహజంగా వస్తుందని చెప్పి ఆ పనికి విలువ లేకుండా చేశారో, మాతృభాషలో పిల్లలకి చెప్పడం కూడా తల్లిపనికి పొడిగింపుగానే చూశారు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశ, విద్యా వాలంటీరు, వీళ్ళందరికీ ఇచ్చేదాన్ని జీతం అనకుండా ‘గౌరవ వేతనం’ అనడం వెనకున్న రాజకీయం ఇదే. జీతం అంటే హక్కు. గౌరవ వేతనం అంటే దయ. ఆ మాటలో గౌరవం ఎంత ఎక్కువ కనిపిస్తే చేతికొచ్చే డబ్బు అంత తక్కువ.

నిజానికి ఈ పని సహజంగా వచ్చేది కాదు. నోటితో మాట్లాడే భాషని రాతలోకి తేవడం, తెలుగు లిపిలో లేని ధ్వనికి గుర్తు వెతకడం, పక్కపక్క గూడేల్లో వేరువేరుగా పలికే మాటల్లో ఏది పుస్తకంలో పెట్టాలో తేల్చడం, ఆ పిల్లనే రెండేళ్ళలో తెలుగులోకీ లెక్కల్లోకీ తీసుకుపోవడం, ఇది విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్రజ్ఞులు చేస్తే పరిశోధన అంటారు. వాలంటీరు చేస్తే సేవ అంటారు.

చట్టం కళ్ళకి పంతులమ్మ ఎవరు?

ఇప్పుడు చట్టం సంగతి. కొంచెం ఓపికగా వినండి, ఇది మనకి పనికొచ్చేది. మన దేశంలో కాంట్రాక్టు పని, టీచరు పని గురించిన పెద్ద తీర్పుల్లో చాలావాటికి ఆడవాళ్ళ పేర్లున్నాయి.

మొదటిది సుందరాంబాళ్ కేసు. గోవాలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆమెని ఉద్యోగంలోంచి తీసేస్తే పారిశ్రామిక వివాదాల చట్టం కింద న్యాయం అడిగింది. బడి పరిశ్రమ కిందికి వస్తుందిగానీ టీచరు వర్క్‌మెన్ కాదని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. చదువు చెప్పడం ఉదాత్తమైన వృత్తి, అది శ్రమ కాదు అన్న ధోరణి ఆ తీర్పులో ఉంది. ఫలితంగా ఒకే బడిలో గుమాస్తాకి ఉన్న రక్షణ టీచరుకి లేకుండా పోయింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా వర్కర్ నిర్వచనంలో చదువు చెప్పే పని ప్రస్తావన లేదు. జపాన్‌లాగా జీతం బకాయిని ప్రభుత్వం ముందు చెల్లించే పద్ధతి మనకి లేదు. 2016 దివాలా చట్టం ప్రకారం కంపెనీ మునిగితే వర్క్‌మెన్ బకాయిల్లో 24 నెలలవి తాకట్టు అప్పులవాళ్ళతో సమానంగా ముందు వరసలో ఉంటాయి. మిగతా ఉద్యోగులకి 12 నెలలవే, అదీ ఆ తర్వాతి వరసలో. పట్నాల్లో కోచింగ్, స్పోకెన్ ఇంగ్లీషు సంస్థల్లో పనిచేసే మన చెల్లెళ్ళు తమది ఏ వరసో తెలుసుకోవాలి.

రెండోది ఉమాదేవి కేసు, 2006. నియామక నిబంధనలు పాటించకుండా తీసుకున్న తాత్కాలిక ఉద్యోగులని పర్మనెంటు చెయ్యమని కోర్టులు ఆదేశించకూడదని అందులో అన్నారు. అప్పటినుంచి మనం ఏ ఆఫీసుకి వెళ్ళినా ఆ పేరే మన మొహాన కొడుతున్నారు.

కానీ ఇవే చివరి మాటలు కావు. టీచర్లకి గ్రాట్యుటీ లేదని 2004లో సుప్రీంకోర్టు అంటే, 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా హక్కు ఇచ్చింది. ప్రైవేటు బడుల యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో గుజరాత్‌కి చెందిన మణిబెన్ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలకి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు వచ్చింది. గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన అది వేతనం కాకుండా పోదని తేలింది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, ఏళ్ళ తరబడి ఊడ్చి శుభ్రం చేసిన ఆడవాళ్ళని క్రమబద్ధీకరించమని ఆదేశిస్తూ, ఉమాదేవి తీర్పుని ఆయుధంగా వాడుకోవద్దని సుప్రీంకోర్టు ప్రభుత్వ సంస్థలకి చెప్పింది. సుందరాంబాళ్ నుంచి జగ్గో దాకా 36 ఏళ్ళు. వీళ్ళలో ఒక్కరు కోర్టుకి పోకుండా ఊరుకున్నా తర్వాతి వాళ్ళకి దారి ఉండేది కాదు.

జీవో 3 తర్వాత

ఏజెన్సీలో మనకి ఇంకో దెబ్బ తగిలింది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో జీవో 275, అది నిలబడకపోతే 2000 జనవరి 10న జీవో 3 వచ్చాయి. జీవో 3లో మూడోవంతు పోస్టులు స్త్రీలకి కేటాయించారు. మీలో కొందరి చేతిలో ఉద్యోగం ఉండటానికి కారణం ఆ వాక్యమే. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. అప్పటిదాకా జరిగిన నియామకాలని షరతు మీద కాపాడింది. లోపల ఉన్నవాళ్ళు ఉన్నారు. డి.ఎడ్. చదువుకుని బయట నిలబడ్డ కోయ ఆడపిల్లల ముందు తలుపు పడింది.

ఆ జీవోలో మన దృష్టితో చూస్తే ఒక లోపం కూడా ఉండేది. అభ్యర్థి గానీ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డు ప్రాంతంలో ఉంటున్నట్టు చూపించాలన్నారు. రాష్ట్రం సరిహద్దు అవతలి గూడెంనుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన కోడలు ఆ కాయితం ఎక్కడినుంచి తెస్తుంది? స్థానికత అంటే తండ్రి నివాసమనే లెక్క నడిచేచోట, పెళ్ళితో ఊరు మారే ఆడది ఎక్కడా స్థానికురాలు కాకుండా పోతుంది. ఈ ఊరికి వచ్చే యాత్రికులందరూ సీతమ్మ ఉన్న ఆకుల ఇల్లు చూసి దండం పెట్టుకుని పోతారు. ఆడది ఉన్నచోటికి పూజ చేస్తారుగానీ, అక్కడ ఉండే హక్కు ఆమెకి రాసివ్వరు.

మనం ఏం అడగాలి?

జీవో 3ని ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మని అడగడం ఒక దారి. ఆ రాజకీయ పోరాటాన్ని ఆదివాసీ సంఘాలు చేస్తున్నాయి, మనం వాళ్ళతో ఉండాలి. దానితోపాటు ఇంకొక దారి చూడమంటున్నాను. తీర్పు కొట్టేసింది నూరు శాతం రిజర్వేషన్‌ని. కోయ పిల్లలున్న బడిలో టీచరుకి కోయ భాష వచ్చి ఉండాలన్న నియమం రిజర్వేషన్ కాదు, అర్హత. లెక్కల టీచరుకి లెక్కలు రావాలన్నట్టే. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి తగిన వసతులు కల్పించాలంటోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంటోంది. ఈ రెండిటికీ అర్థం ఉండాలంటే ఆ భాష వచ్చిన మనిషి బడిలో ఉండాలి. కోయ నేర్చుకుని వచ్చిన గిరిజనేతర టీచరునైనా మనం వద్దనం. అయితే రేపటినుంచే పోటీ పెడితే ఎవరు ముందుంటారో మీకు తెలుసు.

రెండోది, వాలంటీరుగా పనిచేసిన సంవత్సరాలకి సర్వీసు సర్టిఫికెట్, టీచరు నియామకాల్లో ఆ అనుభవానికి మార్కులు అడగాలి. టెట్ లేదన్న ఒక్క కారణంతో పదేళ్ళు పాఠం చెప్పిన మనిషిని బయటికి నెట్టకుండా, ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ ఇప్పించమని అడగాలి.

మూడోది, ఎన్జీవో మిత్రులకి ఒక మాట. మీ ప్రాజెక్టు మూడేళ్ళది. దాత డబ్బు ఆగిన నాడు మీ కార్యాలయం ఇంకో ప్రాజెక్టుకి మారుతుంది. మీరు నియమించిన గూడెం టీచరు మారలేదు. నియామకపు కాయితం, నెలనెలా బ్యాంకులో జీతం, ముగింపుకి మూడు నెలల ముందు నోటీసు, ఆ మూడు నెలల జీతం మొదట్లోనే పక్కన పెట్టడం, ఇవి మీ బడ్జెట్‌లో మొదటి వరసలో ఉండాలి. నోవా కూలినప్పుడు టీచర్ల సహాయ నిధిని వాడుకున్నవాడిని మనం తప్పుపడుతున్నాం. మన దగ్గర ఆ నిధే లేదు.

నాలుగోది మీకోసం. హాజరు పట్టీ నకలు, మీ సంతకం ఉన్న మధ్యాహ్న భోజనం రిజిస్టరు పేజీ, జీతం పడ్డ బ్యాంకు పాస్‌బుక్కు, శిక్షణకి పిలిచిన ఉత్తరం, మీరు రాసిన వాచకం మీద మీ పేరు, అన్నీ భద్రపరచండి. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టి అడగండి. ఒక్కొక్కరు కాదు, మండలానికొక జట్టుగా పెట్టండి. కోర్టుకి పోయేనాడు మీ కన్నీళ్ళకన్నా ఆ కాయితాలే ఎక్కువ మాట్లాడతాయి. పనిచేశానని రుజువు చేసుకోవాల్సిన భారం మన మీదే పడటం అన్యాయమే, అయినా ఇప్పటికి ఉన్న పరిస్థితి అది.

చివరగా, ఈ సమస్యని భాష సమస్యగానో, ఉపాధి సమస్యగానో విడదీసి చూడొద్దని కోరుతున్నాను. పాఠం చెప్పిన మనిషికి హక్కు లేనిచోట భాషకి హక్కు ఉండదు. ఎన్ని వాచకాలు అచ్చువేసినా అవి ఐటీడీఏ గోదాములో ఉంటాయి. ఈ మధ్యాహ్నం మండలాలవారీగా కూర్చుంటున్నాం కదా. ఏ సంవత్సరంనుంచి ఏ సంవత్సరందాకా పనిచేశారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు పిలవడం మానేశారు, ఈ మూడు సంగతులు ప్రతి ఒక్కరూ రాయండి. రాయడం రానివాళ్ళు ఉంటే కోయలోనే చెప్పండి, పక్కనున్నవాళ్ళు రాస్తారు. మన డిమాండ్ల పత్రం ఆ కాయితాల్లోంచే తయారవుతుంది.